నీళ్లలోకి దిగే ముందు

జనవరి ఉదయం ఏడున్నర. కాంగేర్ నదిలో చెయ్యి పెడితే జివ్వుమంటోంది. వెదురు బొంగులు కట్టి చేసిన తెప్ప మీద నలుగురం కూర్చున్నాం, ఒంటి మీద నారింజ రంగు లైఫ్ జాకెట్లతో. వెనక నిలబడి గెడ వేస్తున్న కుర్రాడికి పాతికేళ్లు దాటి ఉండవు. నీళ్లను మీ భాషలో ఏమంటారని హిందీలో అడిగాను. 'నీర్' అన్నాడు. విశాఖపట్నం నుంచి సెలవులకు వచ్చిన దంపతులు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. ధుర్వా తెగవారు మాట్లాడే పర్జి, మనం మాట్లాడే తెలుగు ఒకే ద్రావిడ కుటుంబానికి చెందినవి. ఆ సంగతి మనలో చాలామందికి తెలియదు. బస్తర్ గురించి మనకు తెలిసినవన్నీ వేరే సంగతులు.

ఆ కుర్రాడి ఊరు ధుడ్‌మారాస్. 1982లో ఏర్పడిన కాంగేర్ లోయ జాతీయ ఉద్యానవనంలో ఉన్న చిన్న పల్లె. తెప్ప ప్రయాణం, కయాకింగ్, ఇళ్లలో బస, ఆకు దొప్పల్లో భోజనం, ఇవన్నీ ఊరివాళ్లే చూసుకుంటారు. ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ 2024లో మెరుగుపరిచే కార్యక్రమం కోసం ప్రపంచవ్యాప్తంగా ఎంపిక చేసిన 20 గ్రామాల్లో ఇదొకటి. 2025 మార్చిలో యునెస్కో తాత్కాలిక జాబితాలో కాంగేర్ లోయ చేరింది. తెలంగాణలోని ముడుమాల్ నిలువురాళ్లకు చోటు దక్కిందీ అదే విడతలో. అంటే బస్తర్ ఇప్పుడు సెలవులకు వెళ్లదగిన చోటు. పదేళ్ల క్రితం ఈ మాట అంటే ఇంట్లోవాళ్లు వింతగా చూసేవారు.

ఆ సాయంత్రం జగదల్‌పూర్ హోటల్ గదికి చేరాక తెప్ప ఫొటోలు స్కాట్లాండ్‌లో ఉన్న నా క్లాస్‌మేట్‌కు పంపాను. రాజమండ్రివాడు, ఆబర్డీన్‌లో చమురు రంగంలో పని చేస్తున్నాడు. వెంటనే ఫోన్ చేశాడు. "ఒరేయ్, దాన్ని కూడా చల్లనీళ్లు అంటారట్రా?" అని ఒకటే నవ్వు. వాడికి నవ్వే హక్కుంది. కిందటి వేసవిలో వారం రోజులు సెలవు పెట్టి ఆర్క్నీ దీవులకు స్కూబా డైవింగ్‌కు వెళ్లొచ్చాడు. అక్కడ నడివేసవిలోనూ నీళ్లు పదమూడు, పద్నాలుగు డిగ్రీలు మించవు. గాలి కంటే నీరు ఒంట్లోని వేడిని సుమారు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. అందుకే లోపల ఉన్ని దుస్తులు, పైన మెడ దగ్గరా మణికట్ల దగ్గరా నీటిచుక్క దూరకుండా బిగించే డ్రైసూట్, వీపున సిలిండర్, నడుముకు సీసం బరువులు. ఇంత మోసుకుని, ఇంత డబ్బు పెట్టి వణకడానికి వెళ్లడమేమిట్రా అంటే, "కిందకి దిగితే తెలుస్తుంది" అన్నాడు.

కింద ఉన్నది యుద్ధం. ఆర్క్నీ దీవుల మధ్య ఉండే స్కాపా ఫ్లో సహజసిద్ధమైన రేవు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడిన జర్మనీ నౌకాదళంలోని 74 ఓడలను తెచ్చి అక్కడ కట్టేశారు. అవి బ్రిటన్ చేతికి చిక్కకూడదని 1919 జూన్ 21న జర్మన్ అడ్మిరల్ వాన్ రాయిటర్ వాటిని ముంచేయమన్నాడు. ఒక్కరోజులో 52 ఓడలు మునిగాయి. తర్వాత చాలావాటిని తుక్కు కోసం పైకి లాగేశారు. మూడు యుద్ధనౌకలు, నాలుగు క్రూజర్లు మాత్రం ఇప్పటికీ అడుగునే ఉన్నాయి. చల్లనీళ్ల డైవర్లకు అవే తీర్థం. మా వాడు చూసొచ్చింది వాటినే. తుప్పు పట్టిన ఫిరంగి గొట్టం మీద మెత్తగా పూసిన సముద్రపు పువ్వుల గురించి పది నిమిషాలు చెప్పాడు.

అదే రేవులో ఇంకో ఓడ ఉంది. దాని దగ్గరకు మా వాడు వెళ్లలేదు, వెళ్లనివ్వరు. పేరు రాయల్ ఓక్. 1939 అక్టోబర్ 14న జర్మన్ జలాంతర్గామి దాన్ని పేల్చేస్తే 800 మందికి పైగా నావికులు చనిపోయారు. దాన్ని సమాధిగా ప్రకటించారు. విహారయాత్రికులెవరూ అందులోకి దిగకూడదు. ఏడాదికోసారి బ్రిటిష్ నౌకాదళ డైవర్లు మాత్రమే కిందికి వెళ్లి, మునిగిన ఆ ఓడ మీద పాత జెండా తీసి కొత్తది కట్టి వస్తారు. ఒకే నీళ్లు, ఒకే లోతు. ఒకచోట కెమెరాతో తిరగొచ్చు, ఇంకోచోట తల వంచి పక్కనుంచి వెళ్లిపోవాలి. ఎక్కడ ఏది తగునో అక్కడివారు తేల్చుకున్నారు. తేల్చుకున్నాకే విహారానికి గేట్లు తెరిచారు.

ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఆ రెండో ఓడ గురించే ఆలోచించాను. ఎందుకంటే, కాంగేర్ లోయకు దగ్గర్లోనే, జగదల్‌పూర్ నుంచి సుక్మా వెళ్లే జాతీయ రహదారి మీద ఝీరం ఘాటీ ఉంది. 2013 మే 25న కాంగ్రెస్ నాయకుల కాన్వాయ్‌పై మావోయిస్టులు దాడి చేసింది అక్కడే. మహేంద్ర కర్మ, నందకుమార్ పటేల్ సహా దాదాపు 30 మంది ప్రాణాలు పోయాయి. మర్నాడు మా కారు ఆ మలుపు దాటుతుంటే డ్రైవర్ 'ఇక్కడే' అన్నాడు, వేగం తగ్గించకుండా. మాతో పాటు వచ్చిన విశాఖ దంపతులు ఫోన్‌లో తీరథ్‌గఢ్ జలపాతం ఫొటోలు చూసుకుంటున్నారు. వాళ్లను తప్పు పట్టలేను. ఎవరూ చెప్పకపోతే అది కూడా అడవిలో ఒక మలుపే.

బస్తర్‌లో ఇలాంటి మలుపులు ఒక్క పక్షానివి కావు. 2010లో తాడ్‌మెట్లలో 76 మంది జవాన్లు చనిపోయారు. 2012 జూన్‌లో సార్కేగూడలో 17 మంది గ్రామస్థులు భద్రతా దళాల కాల్పుల్లో చనిపోతే, వాళ్లు మావోయిస్టులనడానికి ఆధారాల్లేవని జస్టిస్ అగర్వాల్ కమిషన్ 2019లో తేల్చింది. 2005లో మొదలైన సల్వా జుడుం ఊళ్లకు ఊళ్లను ఖాళీ చేయించింది. గిరిజన యువకులకు ఆయుధాలిచ్చి పోరులోకి దింపడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జులైలో సుప్రీంకోర్టు చెప్పేదాకా ఆ పర్వం ఆగలేదు.

ఇక్కడే తెలుగువాళ్ల ప్రస్తావన వస్తుంది. బస్తర్‌కు మనం కొత్త కాదు. 1960ల్లో వేసిన కొత్తవలస - కిరండూల్ రైలుమార్గం బైలాడీలా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు మోసుకొచ్చింది. తర్వాత మన ఊళ్ల నుంచి మావోయిస్టు నాయకులు వెళ్లారు. 2025 మే 21న అబూజ్‌మడ్ అడవుల్లో మరణించిన నంబాల కేశవరావుది శ్రీకాకుళం జిల్లా. అదే ఏడాది అక్టోబర్‌లో జగదల్‌పూర్‌లో రెండు వందల మందికి పైగా అనుచరులతో ఆయుధాలు అప్పగించిన తక్కళ్లపల్లి వాసుదేవరావుదీ తెలుగు గడ్డే. ఇప్పుడు మన టూరిస్టులు వెళ్తున్నారు. ఖనిజం కోసం, విప్లవం కోసం, విహారం కోసం. ప్రతిసారీ ఎందుకు వెళ్లాలో తేల్చుకున్నది మనమే.

వాళ్లు మన దగ్గరకు వచ్చిందెలా? సల్వా జుడుం రోజుల్లో వేలాది మంది రాత్రికి రాత్రి అడవి దాటి నడిచి వచ్చారు. భద్రాచలం చుట్టుపక్కల వాళ్లను మనం గుత్తికోయలంటాం. మిరప చేలల్లో కూలికి వెళ్తారు, అడవి అంచున గుడిసెలు వేసుకుంటారు. అటవీ హక్కుల చట్టం ప్రకారం పట్టా కావాలంటే 2005 డిసెంబర్ 13 నాటికే ఆ భూమి చేతిలో ఉండాలి. ఆ తేదీ తర్వాత ప్రాణభయంతో వచ్చినవాడికి ఆ దారి మూసుకున్నట్టే. మనం సరదాగా వణకడానికి వెళ్లిన ఊళ్ల నుంచి వాళ్లు భయంతో వణుకుతూ వచ్చారు. రెండు ప్రయాణాలకూ దారి ఒకటే.

అయితే బస్తర్‌కు వెళ్లొద్దా? తప్పకుండా వెళ్లాలి. తుపాకీ తప్ప మరో ఉపాధి కనబడని చోట, గెడ పట్టుకున్న కుర్రాడు నెల తిరిగేసరికి నాలుగు డబ్బులు ఇంటికి తీసుకెళ్తున్నాడంటే అది చిన్న విషయం కాదు. పర్యాటకం వస్తే రోడ్డు వస్తుంది, ఆసుపత్రి వస్తుందని అధికారులు చెప్పే మాటలోనూ నిజముంది. ప్రశ్నల్లా ఆ తెప్ప ఎవరిదన్నదే. కాంగేర్ లోయలోనే ఉన్న గుడియాపదర్ గ్రామానికి 2022లో సామూహిక అటవీ వనరుల హక్కు దక్కింది. జాతీయ ఉద్యానవనంలోని ఊరికి అలాంటి హక్కు రావడం దేశంలో అరుదు. ధుడ్‌మారాస్ తెప్పలు, గుడియాపదర్ పట్టా కలిసి నడిస్తే మిగతా బస్తర్‌కు అదొక దారి. రేపు బయటి రిసార్టు వచ్చి, ఇదే కుర్రాడు అందులో యూనిఫాం వేసుకుని తలుపు తీసే ఉద్యోగిగా మిగిలితే, యుద్ధం మరో పేరుతో కొనసాగినట్టే.

రెండోది, జ్ఞాపకం. 2026 మార్చి 31 నాటికి మావోయిజాన్ని అంతం చేస్తామని కేంద్రం గడువు పెట్టుకుంది. తుపాకుల లెక్క తేల్చడానికి తేదీ పెట్టుకోవచ్చు. ఝీరంలో భర్తను పోగొట్టుకున్న ఇల్లాలికీ, తాడ్‌మెట్ల జవాను తండ్రికీ, సార్కేగూడ తల్లికీ గడువు ఎవరు పెడతారు? ఏ మలుపు దగ్గర ఆగాలో, ఏ ఊళ్లో కెమెరా లోపల పెట్టుకోవాలో చెప్పే ఒక బోర్డు, ఒక గైడు కూడా పర్యాటక ప్రణాళికలో భాగం కావాలి. ఎక్కడ ఏం రాయాలో ఆ గ్రామసభలే చెప్పాలి.

డైవర్లకు మొదటిరోజే నేర్పే పాఠం ఒకటుందని మా క్లాస్‌మేట్ చెప్పాడు. ఒంటరిగా దిగకూడదు. దిగే ముందు బొటనవేలూ చూపుడువేలూ సున్నాలా కలిపి పక్కవాడికి చూపించాలి. 'సరేనా?' అని అడగడానికీ అదే సైగ, 'సరే' అని చెప్పడానికీ అదే సైగ. అవతలివాడి నుంచి జవాబు వచ్చేదాకా తల నీళ్లలో ముంచకూడదు.

కాంగేర్ నీళ్లు శబరిలో కలుస్తాయి. శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. రాజమండ్రిలో మా వాడు ఈత నేర్చుకున్నది ఆ నీళ్లలోనే. అంచేత బస్తర్‌ను ఎక్కడో ఉన్న పరాయి ప్రాంతమని అనుకోవడం కుదరదు. పక్కవాడే. అడిగి, జవాబు విని దిగుదాం.