ఎర్రగడ్డకి ఎర్ర ఇంకా?

మెగా డీఎస్సీ–2025లో 16,347 పోస్టులు. మీ సీనియర్లలో కొందరు ఈపాటికే బడుల్లో ఉంటారు. వచ్చే నోటిఫికేషన్‌కి ప్రిపేరవుతున్న మీరు పెడగాజీలో ఒక బిట్‌గా చదివి వదిలేసే సంగతి ఒకటుంది: పిల్లల ఇంటి భాష అడ్డంకి కాదు, వనరు. జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం–2005 చెప్పిందదే.

బిట్‌కి జవాబు పెట్టడం ఈజీ. అసలు పరీక్ష కుప్పంలాంటి చోట క్లాసులో నిలబడితే మొదలవుతుంది. ఒకవైపు తమిళనాడు, ఇంకోవైపు కర్ణాటక. ఇంట్లో తమిళమో కన్నడమో మాట్లాడే పిల్లలుంటారు. తెలుగు పిల్లల తెలుగు కూడా పుస్తకంలోది కాదు. ఉల్లిపాయ బొమ్మ కింద 'ఎర్రగడ్డ' అనో, బంగాళాదుంప కింద 'ఉర్లగడ్డ' అనో రాస్తే ఏం చేస్తారు? ఎర్ర ఇంకుతో కొట్టేస్తే వాడికి అర్థమయ్యేది ఒకటే, మా అమ్మ మాట తప్పని. మర్నాటి నుంచి చెయ్యెత్తడు. రెండు మాటలూ బోర్డు మీద పక్కపక్కనే రాయండి. పరీక్షలో ఏది రాయాలో కూడా చెప్పండి, అది దాస్తే వాడికే నష్టం.

లెక్కలకీ ఇంతే. 2025లో తోతాపురి మామిడికి ప్రభుత్వం కిలోకి 12 రూపాయలు ప్రకటించింది: ఫ్యాక్టరీ ఇచ్చేది 8, ప్రభుత్వ సాయం 4. గుజ్జు ఫ్యాక్టరీ ముందు ట్రాక్టర్ల క్యూ చూసిన పిల్లకి ఇంతకన్నా మంచి లెక్క ఏ గైడులో ఉంది? (ఆ రేటు అందని ఇల్లూ క్లాసులో ఉండొచ్చు, చూసుకుని అడగండి.)

ఏడాదికోసారి గంగజాతర వేషాలేయించి ఫొటో దిగడం మాత్రం దీని కిందికి రాదు. ప్రైవేట్ స్కూల్లో డెమో క్లాసుంటే, ముందురోజు ఆ ఊరి సంతకెళ్లి రండి. పిల్లలు దేన్ని ఏమంటారో అక్కడ తెలిసిపోతుంది.