అటక మీది కంప్యూటర్‌ని తూకానికి అమ్మేముందు

భోగికి ఇల్లు దులిపేటప్పుడు చాలా ఇళ్లలో అటక మీంచి ఒక పాత కంప్యూటర్ కిందికి దిగుతుంది. విండోస్ 98 నాటిది, తెలుపు పోయి పసుపు తిరిగిన డబ్బా. పాత సామాన్లు కొనే అతను తూకం వేసి ఎంతో కొంత చేతిలో పెడతాడు. ఆ పని చేసేముందు ఒక్క ఆదివారం ఆగమని మీకు నా మనవి.

నేను ఆగలేదు. రెడ్డిగూడెంలో మా నాన్నగారు మామిడి తోట లెక్కలన్నీ అందులోనే రాసుకునేవారు. ఏ ఏడు కాపు ఎంత, తోట ఎవరికి ఎంతకు ఇచ్చాం, అన్నీ. డబ్బాతో పాటు అవీ పోయాయి. నాలుగు స్క్రూలు విప్పితే హార్డ్ డిస్క్ చేతికొచ్చేది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అదే నాకు ఎక్కువ బాధ.

'డిలీట్ చేశాం కదా' అంటారేమో. డిలీట్ అంటే హాజరు పట్టీలో పేరు కొట్టేయడమే, పిల్లాడు తరగతిలోనే ఉంటాడు. దాని మీద వేరే సమాచారం రాసేదాకా పాత ఫైలు తిరిగి బయటికి తీయవచ్చు. కాబట్టి కావలసినవి కాపీ చేసుకుని, డిస్కును మీ దగ్గరే ఉంచుకోండి. లేదా పూర్తిగా చెరిపించండి.

ఇక ధర. 1976 నాటి యాపిల్-1 ఒకటి 2014లో న్యూయార్క్ వేలంలో 9,05,000 డాలర్లు పలికింది. మన అటక మీదిదానికి అంత రాదు లెండి! కానీ పాత ఆటల మీద మోజున్నవాళ్లు, పాత యంత్రాలకు అలాంటి బోర్డులే కావలసిన వర్క్‌షాపులవాళ్లు ఇనుము ధర కన్నా ఎక్కువే ఇస్తారు. 386, 486 రకమైతే బోర్డు మీది బ్యాటరీ కారి రాగి గీతల్ని తినేసిందేమో చూడండి. పాత గాజు మానిటర్‌ని మాత్రం పిల్లల్ని విప్పనివ్వకండి. ప్లగ్ తీశాక కూడా లోపల హై వోల్టేజ్ నిలిచి ఉండవచ్చు, ఆ గాజులో సీసం కూడా ఉంటుంది. ఎవరూ కొనకపోతే అనుమతి ఉన్న ఈ-వేస్ట్ కేంద్రానికివ్వండి.

అమ్మకపు ప్రకటన మీరు రాయకండి, ఎనిమిదో తరగతి చదివే మీ అబ్బాయి చేతో అమ్మాయి చేతో రాయించండి. 'బాగా పనిచేస్తుంది' అని కాదు. 'ఆన్ అవుతుంది, ఫ్లాపీ చదవట్లేదు, సౌండ్ చూడలేదు' అని. ఫొటోలో పగిలిన మూల కూడా కనపడాలి. 'ఆ వైపు ఎందుకు నాన్నా చూపించడం?' అని వాళ్లు తప్పకుండా అడుగుతారు. జవాబు ముందే ఆలోచించి పెట్టుకోండి.