గోరుచుట్టు మీద రోకటిపోటు కానివ్వకండి

కుటుంబ ఆరోగ్యము



ఈ నెల ఒక తల్లి వ్రాసిన ఉత్తరముతో మొదలుపెడుతున్నాను. వారిది రెండెకరాల వరి పొలము మీద బ్రతికే కుటుంబము. 19 ఏళ్ల కుమారుడు హైదరాబాదు పాతబస్తీలో, లాడ్ బజారులో ఒక గాజుల దుకాణములో పని చేస్తున్నాడు. పొద్దుటినుండి రాత్రి వరకు బూట్లతో నిలబడే పని. కాలి బొటనవేలి గోరు ప్రక్కన కండలోకి దిగి చీము పట్టింది. నిరుడు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో గోరంతా తీయించారు. ఆ అప్పు ఇంకా తీరలేదు. ఇంతలో గోరు మళ్లీ మొలిచింది, దానితో నొప్పి కూడా తిరిగి వచ్చింది. మరల ఆపరేషను చేయాలి, మత్తు ఇవ్వాలి, ఒక రాత్రి ఉండాలి అన్నారట. "నా కమ్మలు తాకట్టు పెట్టమంటారా? మత్తులో పిల్లవాడికి ఏమైనా అవుతుందేమోనని కూడా భయముగా ఉన్నది" అని ఆమె అడిగారు.

అమ్మా, మీ రెండు ప్రశ్నలకూ జవాబు చెప్తాను. ముందు ఈ జబ్బేమిటో తెలుసుకుందాము.

దీనిని మనవాళ్లు గోరుచుట్టు అనే అంటారు. కాని మామూలు గోరుచుట్టులో గోరు చుట్టూ ఉన్న చర్మము వాచి చీము పడుతుంది. ఇక్కడ అసలు దోషి గోరు అంచే. అది ముల్లులాగా కండలో గుచ్చుకుంటూ ఉంటుంది. ముల్లు లోపలే ఉంచి ఎన్ని మాత్రలు మింగినా పుండు మానదు గదా! నిమ్మకాయకు బెజ్జము పెట్టి వేలికి తొడిగినా, పసుపు రాసినా గోరు అంచు పైకి లేవదు.

ఇది ఎందుకు వస్తుంది? గోరును మూలల్లో లోతుగా, గుండ్రముగా కత్తిరించుట మొదటి కారణము. వేళ్లను నొక్కే ఇరుకు బూట్లు, చెమటకు నానిన పాదాలు, వేలికి తగిలిన దెబ్బ, పుట్టుకతోనే వంపు తిరిగిన గోరు మిగతా కారణాలు. పెరిగే వయసు పిల్లలకు ఇది ఎక్కువ. నిరుడు కొన్న బూట్లే ఈ ఏడూ వేయించడము మన ఇళ్లలో మామూలే గదా!

చీము లేకుండా ఎరుపు, నొప్పి మాత్రమే ఉంటే ఇంట్లోనే ప్రయత్నించవచ్చును. ఓర్చుకోగల గోరువెచ్చని నీళ్లలో కొంచెము ఉప్పు వేసి, రోజుకు రెండు మూడుసార్లు పావుగంట చొప్పున పాదము నానబెట్టండి. తడి బాగా తుడిచి, గోరు మూల క్రింద శుభ్రమైన దూది పోగు మెల్లగా దూర్చి, రోజూ మార్చండి. గోరు కండ మీదుగా బయటికి పెరిగేవరకు ఓపిక పట్టాలి. కాలి గోరు నెలకు ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్లే పెరుగుతుంది. ముందు వేళ్లు తెరచి ఉండే చెప్పులు వేసుకోండి. పొలము బురదలోకి దిగకండి. బ్లేడుతో మూల కోసుకోవద్దు; ఆ పూటకు సుఖముగా ఉన్నా, మిగిలిన మొన ఇంకా లోతుకు దిగుతుంది.

చక్కెర వ్యాధి ఉన్నవారు, పాదాలలో స్పర్శ తగ్గినవారు ఇంటి వైద్యము చేసుకోరాదు. చీము, కండ పెరగడము, ఎరుపు పాదము మీదికి ప్రాకడము, జ్వరము కనబడితే ఎవరైనా సరే ఆలస్యము చేయక డాక్టరును చూడవలెను.

ఇక ఆపరేషను సంగతి. గోరంతా పీకినంత మాత్రాన జబ్బు పోదు. మూలము అలాగే ఉంటుంది గనుక అదే గోరు మళ్లీ వస్తుంది. మీ అబ్బాయికి జరిగినది బహుశా ఇదే. ఎక్కువమందికి సరిపడే పద్ధతి వేరే ఉన్నది. గుచ్చుకునే ప్రక్క భాగాన్ని మాత్రము నిలువుగా సన్నని చీలికలా తీసి, ఆ మేరకు గోరు మూలానికి ఫినాల్ అనే మందు అద్దుతారు. అక్కడ ఇక గోరు మొలవదు. ఇలా చేసినప్పుడు జబ్బు తిరగబెట్టడము బాగా తక్కువ. వేలు మొదట్లో రెండు ప్రక్కలా లిగ్నోకైన్ సూది వేస్తారు. సూది పోటు ఉంటుంది, తరువాత నొప్పి తెలియదు. అరగంటలోపు పని అయిపోయి, మనిషి తన కాళ్ల మీదే ఇంటికి పోవచ్చును. రెండు నుండి నాలుగు వారాలు కొంచెము రసి కారుతుంది. కట్టు మారుస్తూ ఉండాలి.

అమ్మా, మత్తు గురించి మీ భయము వట్టిది కాదు. 1848 జనవరి 28న ఇంగ్లండులో హన్నా గ్రీనర్ అనే 15 ఏళ్ల అమ్మాయి, సరిగ్గా ఇలాంటి కాలి గోరు తీయించుకొనుటకే క్లోరోఫాము పీల్చి చనిపోయింది. క్లోరోఫాము వలన సంభవించిన తొలి మరణముగా వైద్య చరిత్ర ఆమెనే చెప్తుంది. ఈ మత్తు ఎలా చంపుతుందో తేల్చుటకు 1888లోను, 1889లోను పరిశోధన జరిగినది మన హైదరాబాదులోనే. డాక్టర్ ఎడ్వర్డ్ లారీ దానిని నడిపించగా, ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ధనసహాయము చేశారు. రోగి ఊపిరిని కనిపెట్టి ఉండండి అన్నది వారి ముఖ్యమైన మాట. గుండె కూడా హఠాత్తుగా ఆగవచ్చునని తరువాతి పరిశోధనలు చూపించాయి. నేడు క్లోరోఫాము వాడుకలో లేదు. 1943లో స్వీడనులో కనుగొన్న లిగ్నోకైన్, వేలిని మాత్రమే మొద్దుబారుస్తుంది. అబ్బాయి మాట్లాడుతూనే ఉంటాడు. మందులు పడని లక్షణము ఏదైనా ఉంటే మాత్రము ముందే చెప్పాలి.

ఇప్పుడు ఖర్చు. ప్రైవేటులో ఒప్పుకొనే ముందు మూడు ప్రశ్నలు కాగితము మీద వ్రాసుకొని వెళ్లండి. గోరంతా తీస్తారా, ప్రక్క భాగమే తీసి మూలానికి మందు పెడతారా? వేలికే మత్తు సరిపోతే, పూర్తి మత్తూ రాత్రి బసా ఎందుకు? మీరు చెప్పిన మొత్తములో డాక్టరు ఫీజు, థియేటరు, మందులు, తరువాతి కట్లు అన్నీ కలిసి ఉన్నాయా? ఈ ప్రశ్నలు అడుగుట అమర్యాద కాదు. పూర్తి మత్తుకు నిజమైన కారణము ఉంటే డాక్టరే వివరిస్తారు.

అంతకు ముందు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి. మీ అబ్బాయి ఉండే చోటికి ఉస్మానియా ఆసుపత్రి దగ్గరే, మూసీ ఒడ్డున. ఉదయము ఓ.పి. వేళకు వెళ్లి సర్జరీ విభాగములో చూపించాలి. వైద్యానికి డబ్బు తీసుకోరు. వరుసలో నిలబడే ఓపిక, ఒకటి రెండు రోజుల కూలి మాత్రము పోతాయి. పల్లెలలో ఉన్నవారికి జిల్లా ఆసుపత్రి ఉన్నది. ధనుర్వాతము ఇంజక్షను సంగతి కూడా అక్కడే అడగండి.

కమ్మలు తాకట్టుకు ఇవ్వకండి, అమ్మా. ముందు అబ్బాయిని ఉస్మానియాకు పంపండి, ఏమన్నారో మాకు ఉత్తరము వ్రాయండి.

మిగతా పాఠకులకు ఒక మాట: ఈ ఆదివారము సాయంత్రము మీ పిల్లల పాదాలు చూడండి. గోళ్లు అడ్డముగా, తిన్నగా కత్తిరించండి. మూలలు కండ దాటి బయటికి కనబడాలి. బూటు తొడిగినప్పుడు వేళ్లు లోపల కదులుతున్నాయో లేదో అడగండి.