బీదబిడ్డల క్రీడాభ్యాసము

పంట పండిన పిదప కళ్లమునొద్దకు వచ్చువారు పెక్కుమంది. విత్తునాడు చేనిగట్టున నిలుచువారు కొందఱే. క్రీడాకారుల విషయమున మన ప్రజలును, ప్రభుత్వములును నడచుకొనుచున్న తీరు ఇట్టిదే యని మేము చెప్పక తప్పదు.

2022 మే 19వ తేదీన ఇస్తాంబులు నగరమున మన నిజామాబాదు ఆడుబిడ్డ నిఖత్ జరీన్ ప్రపంచ బాక్సింగు పోటీలలో స్వర్ణపతకము గెలిచెను. ఆ పిమ్మట రాష్ట్ర ప్రభుత్వము ఆమెకు 2 కోట్ల రూపాయలును, ఇంటిస్థలమును ప్రకటించెను. మేము దానిని తప్పుపట్టము. యోగ్యురాలికి యోగ్యమైన సత్కారమే జరిగినది. కాని ఆ కీర్తికి తొలి మూలధనము పెట్టినదెవరు? సౌదీ దేశమున ఏండ్లతరబడి కొలువు చేసి, బిడ్డల చదువునకును, ఆటకును తోడుండవలెనని దానిని విడిచి ఇల్లు చేరిన తండ్రి. మన యూరనే యుండి బిడ్డలకు ముష్టియుద్ధము నేర్పిన గురువు శంసముద్దీన్. ఆ గురువు కుమారుడు హుసాముద్దీన్ 2018లోను, 2022లోను కామన్‌వెల్తు క్రీడలలో కాంస్యపతకములు తెచ్చెను.

ఎల్ల తండ్రులును ఇట్లు కొలువు విడిచి రాగలరా? గల్ఫు దేశములలో కష్టించుచు నెలనెలా ఇంటికి పైకము పంపువారు మన జిల్లాలో వేలకొలదిగా నున్నారు. వారు తిరిగివచ్చిన నాడు పొయ్యి రాజుట కష్టము. ఇక బోధను సంగతి చూడుడు. 1937లో నెలకొని, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరొందిన నిజాం చక్కెర కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడెను. నెలజీతము వచ్చు ఇంట ఆటబూట్లకొక దారి దొరకును. జీతము నిలిచిన ఇంట మొదట నిలిచిపోవునది బిడ్డ ఆటయే. దాని నెవ్వరును ఫిర్యాదు చేయరు; ఏ కాగితమునను అది నష్టముగా వ్రాయబడదు.

ఆటకు ఖర్చేమి, మైదానము చాలదా యని కొందఱందురు. బూట్లు చిన్నవగును, చేతితొడుగులు చినుగును, పోటీకి ప్రవేశరుసుము కట్టవలెను. సాధన చేయు బిడ్డకు పాలు, గ్రుడ్లు, పప్పు కావలెను. బోధను నుండి నిజామాబాదునకు సుమారు 25 కిలోమీటర్లు. ప్రతిదినము పోయి వచ్చుటకు ఛార్జీలు కావలెను. హైదరాబాదులో పోటీ యున్నచో తోడుపోవు తల్లి ఆ దినపు కూలి పోగొట్టుకొనును. ఈ చిన్నచిన్న ఖర్చులే బీదబిడ్డను మైదానమునుండి వెలివేయుచున్నవి. ఆడుబిడ్డయైనచో ఆ వెలి మరింత త్వరపడును.

ముందుగా చేయూత నిచ్చినచో ఏమగునో మన జిల్లాయే చూపినది. పాకాల గ్రామమున వ్యవసాయకూలీల కడుపున పుట్టిన మాలావత్ పూర్ణ సాంఘిక సంక్షేమ గురుకులమున చదివెను. శిక్షణ వ్యయము, యాత్ర వ్యయము తల్లిదండ్రులపై పడలేదు. 2014 మే 25వ తేదీన, పదునాలుగేండ్లైనను నిండక మునుపే, ఆమె ఎవరెస్టు శిఖర మెక్కెను. ఆ సాహసము ఆ బిడ్డది. దానికి దారి నిచ్చినది ప్రజాధనము.

ఇప్పుడు సాయమే లేదని మేమనము. ఖేలో ఇండియా పథకమున ఎంపికైన క్రీడాకారులకు నెలకు 10,000 రూపాయల భత్యము కలదు. హకీంపేట క్రీడాపాఠశాల కలదు. కాని ఇవి యన్నియు ఎంపికైనవారికే. ఎంపిక కాగల దశకు చేరులోపల బిడ్డను పోషించువారెవరు? మెట్లెక్కినవానికి పైనుండి చేయి యందించుచున్నాము. మొదటి మెట్టే లేని వాని మాట మఱచితిమి.

జర్మనీలో 2011 నుండి బీద కుటుంబముల బిడ్డలకు క్రీడాసంఘముల చందా మొదలగువానికి ప్రభుత్వమే సొమ్మిచ్చుచున్నది. అది నేడు నెలకు 15 యూరోలు. మొత్తము చిన్నది. కాని గెలుపును చూచి యిచ్చునది కాదు, అవసరమును చూచి యిచ్చునది. మనము నేర్వవలసిన దిదియే.

ధనమెక్కడిదని యడుగవచ్చును. మన రాజ్యాంగమున క్రీడలు రాష్ట్ర జాబితాలోని 33వ అంశము; కావున రాష్ట్ర ప్రభుత్వము తప్పించుకొనరాదు. 2013 నాటి కంపెనీల చట్టము 135వ సెక్షను ప్రకారము నిర్ణీత పరిమాణము మించిన కంపెనీలు మూడేండ్ల సగటు లాభములో నూటికి 2 వంతులు ప్రజాహితమునకు వెచ్చింపవలెను. గ్రామీణ క్రీడల శిక్షణయు అందు చేరియున్నది. ఈ జిల్లాలో వ్యాపారము సాగించు అట్టి కంపెనీలను మన ప్రజాప్రతినిధులు ఆ సొమ్ములో కొంత ఇచటి బిడ్డలకై యడుగవలెను.

అంతవరకు చేతులు ముడుచుకొని కూర్చుండనేల? నిజామాబాదున నొకటి, బోధనున నొకటి క్రీడాసహాయనిధి నెలకొల్పవలె నని మా సూచన. వర్తకులు, వకీళ్లు, వైద్యులు, ఉపాధ్యాయులు నెలకింత యని వేయవలెను. సొమ్ము దుర్వినియోగమగునను భయమున్నచో బూట్ల వెల దుకాణమునకే, ప్రవేశరుసుము పోటీ నిర్వాహకులకే నేరుగా చెల్లింపవచ్చును. సగము ఆడుబిడ్డలకు విడిచి పెట్టవలెను. జమాఖర్చులు మూడునెలల కొకసారి పఠనాలయము గోడపై నంటింపవలెను. సాయమందిన బిడ్డల పేర్లు మాత్రము అంటింపరాదు. చేయి చాచినందుకు బిడ్డ తలవంచుకొనుట మనకు పరువు కాదు.

వీరందఱును పతకములు తెత్తురా యని యడుగువారికి మా జవాబొక్కటే. తేనక్కరలేదు. పదిమందిలో నొకరు తెచ్చినను మంచిదే. తక్కిన తొమ్మండుగురును ఆరోగ్యవంతులై, ఓటమిని తట్టుకొన నేర్చినవారై యింటికి వత్తురు. అదియు దేశమునకు లాభమే. రేపు మరియొక విజేతకు పూలమాల వేయబోవువారు, నేడొక జత బూట్ల వెల నిచ్చి ఆ మాలకు అర్హత సంపాదించుకొందురు గాక!