పురిటింట్లో చప్పట్లా?

శివరాత్రి వెళ్ళాక ఒక ఆదివారం నేలపట్టు వెళ్ళాం. సూళ్లూరుపేటకి దగ్గర్లో, దొరవారిసత్రం పక్కన ఉంటుంది. పులిహోర, పెరుగన్నం డబ్బాలు నా వంతు. కొత్త కెమెరా మా ఆయన వంతు.

చెరువు నీళ్ళలో నిలబడ్డ కడప చెట్ల నిండా గూళ్ళే. గూడబాతులు, అదేనండీ పెలికాన్లు, పిల్లల్ని సాకుతున్నాయి. ఒక పిల్ల తల్లి గొంతు సంచిలోకి తలంతా దూర్చేసి తింటోంది. నాకు మావాడి చిన్నతనం గుర్తొచ్చింది.

అంతలో పక్కనున్న ఒకాయన గట్టిగా చప్పట్లు కొట్టాడు. "ఎగిరితేనే ఫొటో బాగుంటుందండీ" అన్నాడు. ఆయన్ని చూసి మావాడూ కొట్టాడు. ఆ కొమ్మల మీదవన్నీ ఒక్కసారిగా లేచాయి. నేను వద్దనలేదు, నవ్వాను కూడా. ఆ సంగతి దాచిపెట్టి మీకు నీతులు చెప్పలేను.

మా ఆయన తీసిన ఫొటో బాగానే వచ్చింది. ఇంటికొచ్చి పెద్దది చేసి చూస్తే, పెద్దవి లేచిపోయిన గూట్లో ఈకలైనా రాని పిల్లలు రెండు, మిట్టమధ్యాహ్నపు ఎండలో.

ఆ వయసులో వాటికి ఎండ తట్టుకునే శక్తి ఉండదు. తల్లో తండ్రో అడ్డుగా నిలబడితేనే నీడ. గుడ్లున్న గూడైతే కాకి కాచుకునే ఉంటుంది.

"మళ్ళీ వచ్చి వాలతాయిలే" అంటారు. వాలతాయి, నిజమే. మన వెనకాల ఇంకో కారు దిగుతుంది, ఇంకో చప్పట్లు. రోజంతా ఎన్నిసార్లు లేవాలి? "టికెట్టు కొన్నాం కదా" అంటారు. టికెట్టు చూడ్డానికి, లేపడానికి కాదు. "పిల్లలకి సరదా" అంటారు. బాలింత ఉన్న ఇంట్లో గట్టిగా మాట్లాడితేనే గదమాయించే వాళ్ళం, ఇక్కడ మాత్రం సరదా ఎలా అయింది?

1976 నుంచి ఆ చోటు పక్షులకని కేటాయించింది. వానలకి చెరువు నిండాక పిల్లల్ని పెట్టుకోవడానికి వస్తాయి. అది వాటి పురిల్లు. మనం చూడ్డానికి వచ్చిన చుట్టాలం.

పిల్లల్ని తీసుకెళ్ళండి, తప్పకుండా. ఒక బైనాక్యులర్ చేతికిచ్చి అరగంట కదలకుండా కూర్చోబెట్టండి. ఎగిరే పక్షి కావాలా? మేతకి వెళ్ళేవి, తిరిగొచ్చేవి వాటంతటవే ఎగురుతాయి. కాస్త ఆగాలి, అంతే.

ఆ ఫొటో ఎవరికీ పంపలేదు. మావాడికి మాత్రం చూపించాను. చాలాసేపు చూసి, "నేనే కదమ్మా లేపింది" అన్నాడు.

"నేనూనురా" అన్నాను.