మిగిలిన మినహాయింపు మురిగిపోవాల్సిందేనా?

బ్రిటన్‌లో మ్యారేజ్ అలవెన్స్ ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ, అర్హులైన దంపతులు దరఖాస్తు చేసుకోవడం లేదని, నాలుగేళ్ల వెనకటి సొమ్ము సైతం రాబట్టుకోవచ్చని పన్ను సలహాదారులు ఊదరగొడుతుంటారు. తప్పంతా దంపతుల బద్ధకానిదే అన్నట్టు సాగే ఈ వాదన, 2015 ఏప్రిల్‌లో మొదలైన ఆ పథకం అల్లికలోనే ఉన్న లోపాన్ని మరుగుపరుస్తోంది. ఇంటి ఆదాయాలు ఏటా ఒకేలా ఉండవన్న సంగతి ఆ అల్లికలో ఎక్కడా లేదు.

వ్యక్తిగత మినహాయింపు, అంటే పన్ను పడని తొలి ఆదాయ భాగం, 12,570 పౌండ్లు. దాన్ని పూర్తిగా వాడుకోలేని భార్య గానీ భర్త గానీ అందులో పదోవంతును, అంటే 1,260 పౌండ్లను మాత్రమే రెండోవారికి బదిలీ చేయగలరు కనుక, 20 శాతం బేసిక్ రేటు లెక్కన ఏడాదికి ఆదా అయ్యేది 252 పౌండ్లు. ప్రసవం తర్వాత పార్ట్‌టైమ్‌కు మారి 4,000 పౌండ్లే ఆర్జించిన భార్యకు 8,570 పౌండ్ల మినహాయింపు మిగిలిపోతే, బదిలీ పోగా 7,310 పౌండ్లు ఎవరికీ అక్కరకు రాకుండా మురిగిపోతాయి.

మిగిలినదంతా బదిలీ చేయడం ఆచరణలో అసాధ్యమనేవారు, అదే ఆదాయపు పన్ను చట్టంలోని బ్లైండ్ పర్సన్స్ అలవెన్స్‌ను చూడనట్టే నటిస్తారు. చూపులేనివారికి 2025–26లో 3,130 పౌండ్లుగా ఉన్న ఈ అదనపు మినహాయింపులో వాడుకోగా మిగిలినదంతా జీవిత భాగస్వామికి బదిలీ అవుతుంది. ఇక్కడ పదోవంతు పరిమితి లేదు, భాగస్వామి ఏ రేటున పన్ను కడుతున్నారన్న ఆరా లేదు. మిగులును లెక్కగట్టి అందజేయడం రెవెన్యూ విభాగానికి వచ్చిన విద్యే.

మ్యారేజ్ అలవెన్స్‌కు మాత్రం 50,270 పౌండ్ల గోడ ఒకటుంది. స్కాట్లండ్ మినహా మిగతా దేశమంతటా 40 శాతం హయ్యర్ రేటు మొదలయ్యే ఈ పరిమితిని పుచ్చుకునేవారి ఆదాయం ఒక్క పౌండు దాటినా, 252 పౌండ్లూ పోతాయి. ఆ పరిమితి 2021 నుంచి కదలలేదు, జీతాలు కదిలాయి. పిల్లల భృతిని వెనక్కి లాగే పన్నుకు 2024లో పరిమితిని 60,000 పౌండ్లకు పెంచి, 80,000 దాకా మెల్లగా తగ్గే వాలును అమర్చిన ప్రభుత్వానికి, ఇక్కడ అదే వాలు తట్టకపోవడం విచిత్రం. పెన్షన్ ఖాతాలో కొంత జమచేసి గోడకు ఇవతలే ఉండిపోవచ్చని తెలిసినవారు తప్పించుకుంటారు. ఓవర్‌టైమ్ చేసినవారు దొరికిపోతారు.

పూర్తి బదిలీకి వీలిస్తే భార్యలు ఉద్యోగాలకు వెనకాడతారన్నది 1986లో అప్పటి ఆర్థిక మంత్రి నైజెల్ లాసన్ అలాంటి ప్రతిపాదన చేసినప్పటి నుంచీ వినిపిస్తున్న అభ్యంతరం. అందులో కొంత నిజముంది, ఎందుకంటే ఆమె తొలి సంపాదన మీదే ఇంటికి పన్ను భారం మొదలవుతుంది. అయితే ఆమె ఉద్యోగాన్ని ఆపుతున్నది పిల్లల సంరక్షణ ఖర్చే తప్ప భర్త పన్ను కోడ్ కాదు. డిపెండెంట్ వీసాపై వెళ్లి, ఒక ఏడాది ఇంట్లోనూ మరుసటి ఏడాది కొలువులోనూ ఉండే తెలుగు గృహిణులను అడిగినా ఆ మాటే చెబుతారు. భారతదేశంలో ఇలాంటి బదిలీయే లేదు కనుక, దంపతుల ఉమ్మడి పన్ను కోరుతూ బ్రిటన్‌ను ఆదర్శంగా చూపేవారు ఈ పదోవంతును చూసి మాట్లాడటం మంచిది.

చూపులేని భార్య మిగిల్చిన అలవెన్స్ 50,271 పౌండ్లు ఆర్జించిన భర్తకు చెక్కుచెదరకుండా దక్కుతుంది. చూపున్న భార్య వ్యక్తిగత మినహాయింపులో మిగిలినది మాత్రం అంతే ఆర్జించిన భర్తకు పైసా అందదు. ట్రెజరీ మొదట ఈ తేడాకు కారణం చెప్పి, ఆ తర్వాత దంపతులు దరఖాస్తులు నింపడం లేదని వాపోతే మర్యాదగా ఉంటుంది.