కమాండోను కుర్చీలో కూర్చోబెట్టకండి!

మీ అపార్ట్‌మెంట్ గేటు దగ్గరో, బ్యాంకు ఏటీఎం ముందో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న సెక్యూరిటీ గార్డును రోజూ చూస్తూనే ఉంటారు. ఆయన మాజీ సైనికుడని తెలిస్తే ఒకసారి పలకరించి, ‘ఏ యూనిట్‌లో చేశారు?’ అని అడగండి. అరుదుగానే కావచ్చు, కానీ ‘పారా’ అనో, ‘ఎన్‌ఎస్‌జీకి డెప్యుటేషన్ మీద వెళ్లాను’ అనో జవాబు వస్తుంది. విమానంలోంచి దూకిన మనిషి, వీపున బరువు మోస్తూ రాత్రంతా అడవిలో నడిచిన మనిషి, నలభై ఏళ్లకే పన్నెండు గంటలు కూర్చునే పనిలో చేరతాడు. ఇక ప్రమాదం తప్పిందని ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. ఓపీలో కూర్చునే మాకు మాత్రం అక్కడే ప్రమాదం మొదలైనట్టు కనిపిస్తుంది.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ప్రత్యేక బలగాల్లో పనిచేసి వచ్చినవారికి ఆరుబయట ఒళ్లు కదిలే పని దొరకడం ఆరోగ్యరీత్యా చాలా మేలు. అయితే ‘కమాండో కదా, ఫిట్‌గానే ఉంటాడు’ అనుకుని నేరుగా కొండ మీదికి పంపకూడదు. ముందు కొత్త పేషెంటును చూసినట్టు తల నుంచి పాదం దాకా చూడాలి. పనీ కావాలి, పరీక్షా కావాలి.

ఒంటికి రిటైర్మెంట్ ఆర్డర్ అందదు

మన సైన్యంలో చాలామంది జవాన్లు 35–40 ఏళ్ల మధ్యే బయటికి వస్తారు. మిగిలిన ఉద్యోగులకు అది పిల్లల చదువులు, ఇంటి అప్పు నడిచే వయసు. కాబట్టి మరో కొలువు తప్పదు. ఎక్కువగా దొరికేది సెక్యూరిటీ కొలువే.

అప్పుడు ఒంట్లో ఏం జరుగుతుంది? మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క చూడండి. కాయకష్టం చేసే మగవారికి రోజుకు సుమారు 3,470 కిలోకేలరీలు కావాలి. కూర్చుని పనిచేసేవారికి 2,110 చాలు. తేడా 1,360. అంటే కూర్చునే మనిషి తినే రెండు పూటల భోజనమంత! పని ఒక్క రోజులో మారిపోతుంది. ఆకలి, పళ్లెం, తినే వేగం మాత్రం పాతవే ఉంటాయి. పైగా వ్యాయామం ఆపేసిన రెండు మూడు వారాలకే గుండె, ఊపిరితిత్తుల సత్తువ తగ్గడం మొదలవుతుంది. కండ కరిగిన చోట కొవ్వు చేరుతుంది. దానికి రాత్రి డ్యూటీలు, నిద్రలేమి, సాయంత్రానికి క్యాంటీన్ సీసా తోడైతే బీపీ, షుగర్ రావడానికి ఎన్నో ఏళ్లు పట్టదు. ఐసీఎంఆర్ 2023లో వెల్లడించిన అధ్యయనం ప్రకారం దేశంలో మధుమేహం ఉన్నవారు 10 కోట్లు దాటారు. ఒకప్పుడు కమాండోగా చేశారని ఆ లెక్కలోంచి ఎవరికీ మినహాయింపు లేదు.

బార్కస్ చెప్పే పాఠం

దీనికి ఉదాహరణ వెతుక్కుంటూ దూరం పోనక్కర్లేదు. చాంద్రాయణగుట్ట దాటితే వచ్చే బార్కస్ పేరు ‘బ్యారక్స్’ నుంచి పుట్టింది. యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతం నుంచి వచ్చి నిజాం కొలువులో చేరిన అరబ్ సైనికుల బస అది. వాళ్లు నేటి అర్థంలో కమాండోలు కాకపోవచ్చు. కానీ నిజాం నమ్మి ఖజానాలకు కాపలా పెట్టుకున్న బలగం. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య తర్వాత ఆ కొలువు పోయింది. ఆయుధమే వృత్తిగా బతికినవాళ్లు ఒక్కసారిగా వేరే బతుకు వెతుక్కోవాల్సి వచ్చింది.

అక్కడ ఉండిపోయినవాళ్లలో కొందరు మట్టినే నమ్ముకున్నారు. ‘బార్కస్ జామ’ అంటే ఊరంతటికీ తెలిసేలా తోటలు పెంచారు. తాలీముల్లో కుస్తీ పట్లు సాగాయి. పాదులు తవ్వడం, కావళ్లు మోయడం, మట్టిలో పట్లు పట్టడం... ఒంటికి రోజూ పని ఉంది. ఒక వైద్యుడిగా చూస్తే, ఆనాటి మాజీ సైనికులకు దొరికిన మంచి మందు అదే అనిపిస్తుంది.

తర్వాతి తరాలకు తోటలు తరిగాయి. వాటి స్థానంలో ఇళ్లు, దుకాణాలు లేచాయి. తిండి మాత్రం నిలిచింది. గోధుమ, మాంసం కలిపి ఉడికించి నెయ్యి పోసే హరీస్, తీపీ ఉప్పూ రెండు రుచుల్లోనూ అక్కడ పొద్దుటి పూట దొరుకుతుంది. పెద్ద పళ్లెం చుట్టూ కూర్చుని తినే మండీ అయితే ఇప్పుడు నగరమంతా పాకింది. నేను ఆ వంటలకు శత్రువును కాను. తోటలో పది గంటలు పనిచేసేవాడికి హరీస్ బలం. కౌంటర్ వెనక పది గంటలు కూర్చునేవాడికి అదే హరీస్ భారం. ఇది బార్కస్ ఒక్కదాని కథ కాదు. పాతబస్తీ మొత్తంలో, ఆ మాటకొస్తే తెలుగు నేలంతటా ఇదే జరుగుతోంది. ఒక సైనికుడి జీవితంలో మాత్రం ఆ మార్పు తరాలు పట్టదు, ఆరు నెలల్లో వచ్చేస్తుంది.

కొండ ఏం ఇస్తుంది?

బేర్ గ్రిల్స్‌ను టీవీలో చూడనివారు తక్కువ. 2019 ఆగస్టులో ప్రధాని మోదీతో జిమ్ కార్బెట్ అడవిలో తిరిగిన ఎపిసోడ్‌ను మనవాళ్లూ ఇష్టంగా చూశారు. ఆయన బ్రిటిష్ సైన్యపు ప్రత్యేక దళం ఎస్‌ఏఎస్ రిజర్వు విభాగంలో పనిచేశారు. 1996లో జాంబియాలో పారాచూట్ సరిగా విచ్చుకోక వెన్నుపూసలు విరిగాయి. నెలల తరబడి పునరావాస చికిత్స తీసుకున్నారు. 1998లో ఎవరెస్ట్ ఎక్కారు. ఈ కథ చెప్పేటప్పుడు అందరూ ఎవరెస్ట్‌ను గుర్తు పెట్టుకుంటారు. మధ్యలో ఉన్న చికిత్సను మరిచిపోతారు. నా దృష్టిలో అసలు కథ అదే.

మన దేశంలోనూ ఉదాహరణ ఉంది. పారా స్పెషల్ ఫోర్సెస్ మాజీ అధికారి మేజర్ వివేక్ జాకబ్ ‘క్లా’ అనే బృందాన్ని నడుపుతున్నారు. మాజీ కమాండోలే అందులో శిక్షకులు. వాళ్ల శిక్షణతో 2021 సెప్టెంబరులో దివ్యాంగుల బృందం సియాచిన్ హిమానీనదం మీద 15 వేల అడుగులకు పైన ఉన్న కుమార్ పోస్టుకు చేరింది. కమాండో విద్య శత్రువు మీదే కాదు, ఇంకొకరిని పైకి చేర్చడానికీ పనికొస్తుందని అది చూపించింది.

ఆరుబయటి పని ఇచ్చేది వ్యాయామం ఒక్కటే కాదు. పగటి వెలుగు నిద్ర గడియారాన్ని సరిచేస్తుంది. బృందంతో కలిసి నడవడం యూనిట్ వదిలాక వచ్చే ఒంటరితనాన్ని తగ్గిస్తుంది. ‘నావల్ల ఒకరికి ఉపయోగం ఉంది’ అన్న భావన మళ్లీ వస్తుంది. అమెరికాలో శాన్‌డియాగో నౌకాదళ వైద్య కేంద్రం సైనికులకు అలల మీద సర్ఫింగ్‌ను చికిత్సకు తోడుగా వాడుతోంది. తోడుగా అన్న మాట గమనించండి. చికిత్సకు బదులుగా కాదు.

కొండెక్కే ముందు ఓపీకి రండి

మీరే మాజీ కమాండో అయితే, ట్రెక్కింగ్ గైడుగానో, అడవి సఫారీలోనో, సాహస క్రీడల శిక్షకుడిగానో చేరే ఆలోచన ఉంటే ఈ భాగం మీకోసమే.

మోకాళ్లు, నడుము: పారాచూట్ దూకుళ్లు, ఏళ్ల తరబడి మోసిన బరువులు కీళ్ల మీద గుర్తులు వదులుతాయి. కొండ ఎక్కేటప్పటి కంటే దిగేటప్పుడే మోకాలి మీద ఒత్తిడి ఎక్కువ. చేతికర్ర సాయం తీసుకోవడం నామోషీ కాదు. ఒంటి బరువు ఒక కిలో తగ్గితే ప్రతి అడుగుకూ మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుంది.

చెవులు: తుపాకీ పేలుడు శబ్దం 140 డెసిబెల్స్ దాటుతుంది. దానివల్ల లోపలి చెవికి జరిగే నష్టం తిరిగి రాదు. ముందుగా పోయేది సన్నని, కీచు శబ్దాలు వినే శక్తి. ఇంట్లో టీవీ సౌండ్ పెంచుకుంటున్నా, చెవిలో గుయ్‌మని మోత ఉన్నా ఆడియోమెట్రీ చేయించుకోండి. అడవిలో వెనక నడిచే పిల్లాడి కేక గైడుకు వినబడకపోతే ప్రమాదం ఆ పిల్లాడికే.

గుండె, బీపీ, షుగర్: నలభై దాటాక బీపీ, ఈసీజీ, హెచ్‌బీఏ1సీ, కొలెస్ట్రాల్ తప్పనిసరిగా చూసుకోవాలి. పొగతాగే అలవాటు ఉన్నా, ఇంట్లో గుండెజబ్బు చరిత్ర ఉన్నా ట్రెడ్‌మిల్ పరీక్ష అవసరమేమో డాక్టరు చెబుతారు.

ఎండ, ఎత్తు: ఎండకు అలవాటుపడిన ఒళ్లు నెల రోజులు ఏసీలో ఉంటే ఆ అలవాటు పోతుంది. తిరిగి రావడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఎత్తు సంగతీ అంతే. పాత ఫిట్‌నెస్ కొండజబ్బును ఆపదు. మన సైనిక వైద్యులు 1969లో 1,925 మంది సైనికుల మీద ప్రచురించిన పరిశీలన ప్రపంచమంతటా పేరు పొందింది. కొండజబ్బు బారిన పడింది గట్టి సైనికులే. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదన్న నియమం అందరికీ ఒకటే.

మనసు: ఎక్కడ కూర్చున్నా గుమ్మానికి ఎదురుగానే కూర్చోవడం, బరాత్ బాణసంచాకు ఒళ్లు జలదరించడం, రాత్రి రెండింటికి మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టకపోవడం, చిన్న మాటకే విపరీతమైన కోపం... ఇవి నెలకు మించి ఉంటే మానసిక వైద్యుడిని కలవండి. మాటల చికిత్సతో, మందులతో ఇవి తగ్గుతాయి. కొండల్లోకి పారిపోతే తగ్గవు. ప్రమాదం లేనిదే ఊపిరి ఆడనట్టుండే మనసు తన వెంట వచ్చిన టూరిస్టులనూ ప్రమాదంలోకి తీసుకెళ్లగలదు.

ఇంకో మాట. దళంలో ఉన్నప్పుడు నొప్పిని పంటి బిగువున దాచడం నేర్పుతారు. గైడుకు కావలసిన చదువు దానికి తలకిందులు. ‘నాకు బాగాలేదు, ఆగుదాం’ అని ముందు తాను చెప్పగలిగితేనే వెనకున్నవాళ్లు చెబుతారు. అందుకే ఎంత అనుభవం ఉన్నా పౌరులను నడిపించే శిక్షణ వేరుగా తీసుకోవాలి. డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్, ఉత్తరకాశీలోని నెహ్రూ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ లాంటి చోట్ల కోర్సులు ఉన్నాయి. ప్రథమ చికిత్స శిక్షణ మాత్రం తప్పనిసరి.

ఇంట్లోవాళ్లకు ఒక విన్నపం

అమ్మా, ఆయన ఇల్లు చేరాడన్న సంతోషంలో మూడు పూటలా కొసరి కొసరి వడ్డించకండి. మొదటి ఆరు నెలలు అన్నం కొంచెం తగ్గించి పప్పు, కూర, మజ్జిగ పెంచండి. నెలకోసారి నడుము చుట్టుకొలత చూడండి. 90 సెంటీమీటర్లు దాటితే హెచ్చరికే. ముభావంగా ఉంటే ‘మిలిటరీ వాళ్లింతే’ అని వదిలేయకండి. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ సిబ్బంది ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు. ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు వెళ్లడం పరువు తక్కువ పని కాదు. పింఛనుదారులైన మాజీ సైనికులకు ఈసీహెచ్‌ఎస్ పాలీక్లినిక్‌లు ఉన్నాయి. సర్వీసు నుంచి వదిలేటప్పుడు చేసిన వైద్య పరీక్ష కాగితాల నకలు పారేయకుండా దాచి, మీ డాక్టరుకు చూపించండి. ఏ గాయం ఎప్పుడు తగిలిందో మాకు తెలిస్తే సగం పని తేలికవుతుంది.

ప్రభుత్వాలు చేయగలిగింది

ఈ సమస్య సైన్యానికే పరిమితం కాదు. 1989లో మొదలైన గ్రేహౌండ్స్‌లో కొన్నేళ్లు అడవుల్లో తిరిగి, తర్వాత స్టేషన్ విధులకు వచ్చే పోలీసులకూ ఇదే మార్పు ఎదురవుతుంది. భీమిలి దగ్గర ఐఎన్‌ఎస్ కర్ణలో నౌకాదళ కమాండోల స్థావరం ఉంది. అలాంటి దళాల్లో ఈత నేర్చినవాళ్లను మన తీరాల్లో ప్రాణరక్షకులుగా పెట్టుకుంటే మునిగేవాళ్లను బతికించుకోవచ్చు.

తెలంగాణలో దారి ఇప్పటికే కనిపిస్తోంది. గురుకుల విద్యార్థిని మాలావత్ పూర్ణ భువనగిరి గుట్ట మీద రాతి ఎక్కుడు నేర్చుకుని, 2014 మే 25న పదమూడేళ్ల వయసులో ఎవరెస్ట్ చేరింది. ప్రతి గురుకులానికీ అలాంటి శిక్షకుడు ఎందుకు ఉండకూడదు? అనంతగిరి నడకదారుల్లో, నల్లమల సఫారీల్లో, వరద సహాయక దళాల్లో ఈ మాజీలకు చోటివ్వాలి. నల్లమలలో మాత్రం దారి తెలిసిన చెంచులే ముందు. కమాండో వాళ్ల పక్కన భద్రత, ప్రథమ చికిత్స చూసుకోవాలి, వాళ్ల కొలువు లాక్కోకూడదు. ఉద్యోగంతో పాటే ఏడాదికోసారి ఉచిత వైద్య పరీక్ష, ప్రమాద బీమా రాసిపెట్టాలి.

అందరికీ కొండ దొరకదని నాకు తెలుసు. గేటు ఉద్యోగమే చేయక తప్పని వారికి ఏజెన్సీలు కనీసం ఇవి చేయాలి: అరగంటకోసారి లేచి నడిచే రౌండు, వరుస రాత్రి డ్యూటీలకు పరిమితి, కూర్చునే కుర్చీకి బదులు మార్చి మార్చి నిలబడే, నడిచే పని. అందులో పెద్ద ఖర్చేమీ లేదు. రేపు మీ గేటు దగ్గర గార్డు లేచి అటూ ఇటూ తిరుగుతుంటే ‘కుర్చీలో ఉండవేం?’ అని గదమాయించకండి. ఆయన్ను తిరగనివ్వండి.

— రచయిత హైదరాబాద్ పాతబస్తీలోని ప్రభుత్వ ఆసుపత్రిలో జనరల్ ఫిజీషియన్, ఎంబీబీఎస్, ఎండీ